తప్పు స్టీరింగ్ పట్టినవారిదా, కారుదా?

1965లో అమెరికా రోడ్ల మీద సుమారు 47,000 మంది చనిపోయారు. పోలీసు నివేదికల్లో ఎక్కువగా కనిపించే కారణాలు మూడే: అతివేగం, మద్యం, అజాగ్రత్త. కార్ల కంపెనీలూ అదే మాట చెప్పేవి. డ్రైవర్లకు శిక్షణ పెంచాలి, జరిమానాలు పెంచాలి అనేవి. అమ్మకానికి వచ్చే కారు ఎలా తయారైందని నిలదీసే అధికారం ఫెడరల్ ప్రభుత్వంలో ఎవరికీ లేదు. వెతికేవారే లేనప్పుడు కారులో లోపం లెక్కల్లోకి ఎలా వస్తుంది?

ప్రశ్నను మరోలా అడిగినవారు కొందరున్నారు. విమాన ప్రమాదంలో చావు తప్పించుకున్న హ్యూ డిహేవెన్, ఎత్తయిన చోట్ల నుంచి పడి కూడా బతికినవారి ఉదంతాలను పరిశీలించి 1942లో ఒక పత్రం ప్రచురించాడు. దెబ్బ శరీరంలో ఎంత మేర పరుచుకుంది, ఎంతసేపట్లో తగిలింది అన్నవే ప్రాణాన్ని నిర్ణయిస్తాయని ఆయన తేల్చాడు. కారుకూ ఇదే వర్తిస్తుంది. కారు గోడను ఢీకొట్టడం ఒక దెబ్బ. ఆ వెంటనే లోపలి మనిషి స్టీరింగుకో, డాష్‌బోర్డుకో, అద్దానికో గుద్దుకోవడం రెండో దెబ్బ. మొదటి దానికి డ్రైవరే కారణం కావచ్చు. రెండోది ఎంత బలంగా తగలాలో నిర్ణయించేది మాత్రం కారును రూపొందించినవారు. ఆనాటి స్టీరింగ్ కడ్డీలు వంగేవి కావు. ఎదురుగా గుద్దుకుంటే నేరుగా డ్రైవర్ ఛాతీ మీదికి వచ్చేవి.

ఈ వాదనను జనంలోకి తెచ్చింది రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది 1965 నవంబరులో వెలువరించిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’. అందులో మొదటి అధ్యాయం జనరల్ మోటార్స్ తయారుచేసిన షెవ్రొలే కార్వెయిర్ గురించి. ఇంజను వెనక ఉండే ఈ కారులో వెనక చక్రాల ఇరుసులు లోపలి కొస దగ్గర మాత్రమే కీలు మీద తిరిగేవి. మలుపులో వేగం ఎక్కువైతే బయటి వైపు చక్రం లోపలికి ముడుచుకునేది. వెనక భాగం పక్కకు జారేది, ఒక్కోసారి కారు బోల్తా పడేది. దీన్ని అదుపు చేయడానికి కంపెనీ ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పౌండ్ల గాలి ఉంచమని చెప్పింది. నాలుగు టైర్లకూ ఒకే గాలి పట్టించే అలవాటున్న జనాల భద్రతను ఒక అంకె మీద నిలబెట్టడం తప్పే. 1964 మోడల్లో ముందు వైపు స్థిరత్వపు కడ్డీ చేర్చారు, 1965లో వెనక సస్పెన్షన్‌నే మార్చేశారు. అప్పటికే వందకు పైగా దావాలు పడ్డాయి.

కంపెనీ నాడర్ వెంట ప్రైవేటు డిటెక్టివ్‌లను పెట్టింది. విషయం బయటపడ్డాక 1966 మార్చి 22న జనరల్ మోటార్స్ అధ్యక్షుడు జేమ్స్ రోష్ సెనేట్ ఉపసంఘం ముందు క్షమాపణ చెప్పాడు. అదే ఏడాది సెప్టెంబరు 9న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మోటారు వాహన భద్రతా చట్టం మీద సంతకం చేశాడు. దాన్ని అమలుచేసే సంస్థకు తొలి అధిపతి విలియం హాడన్, వృత్తిరీత్యా వైద్యుడు, అంటువ్యాధుల శాస్త్రం తెలిసినవాడు. సీటు బెల్టులు, గుద్దుకుంటే కుదించుకుపోయే స్టీరింగ్ కడ్డీ తప్పనిసరి అయ్యాయి. లోపం ఉంటే యజమానికి తెలపాలన్నది 1966 చట్టంలోనే ఉంది. ఉచితంగా బాగుచేయాలన్న నిబంధన మాత్రం 1974లో వచ్చింది.

ఇక్కడ ఒక అసౌకర్యమైన నిజం చెప్పాలి. 1972లో ప్రభుత్వ పరీక్షలు 1960–63 కార్వెయిర్ సాటి కార్ల కంటే ప్రమాదకరం కాదని తేల్చాయి. నాడర్ ఆ ఫలితాన్ని ఒప్పుకోలేదు. ఆ కారు విషయంలో ఎవరు సరైనా, పుస్తకం చెప్పిన రెండో దెబ్బ మాట చెక్కుచెదరలేదు.

డ్రైవర్ తప్పు నిజంగానే తేలిన కేసు ఆడి 5000 కారుది. బ్రేకు తొక్కినా కారు దూసుకుపోతోందని 1986 నవంబరులో ‘60 మినిట్స్’ టీవీ కార్యక్రమం చూపింది. ఆ ప్రసారం కోసం కారు ట్రాన్స్‌మిషన్‌ను ముందే మార్చారు. 1985లో 74,000 దాకా ఉన్న ఆడి అమ్మకాలు 1991కి 12,000కు పడిపోయాయి. 1989లో ప్రభుత్వ అధ్యయనం, చాలా ఘటనల్లో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారని చెప్పింది. అయితే పరిష్కారం కారులోనే దొరికింది: బ్రేకు మీద కాలు ఉంటే తప్ప గేరు ‘పార్క్’ నుంచి కదలకుండా తాళం అమర్చారు. పొరపాటు మనిషిదైనా దాన్ని ఆపగలిగింది యంత్రంలో చేసిన చిన్న మార్పు.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనది జనరల్ మోటార్స్ వారి షెవ్రొలే కోబాల్ట్ కథ. దాని ఇగ్నిషన్ స్విచ్‌లో ఒక చిన్న స్ప్రింగు భాగం బలహీనం. బరువైన తాళాల గుత్తి ఊగినా, మోకాలు తగిలినా తాళంచెవి పక్కకు తిరిగేది. ఇంజను ఆగేది, స్టీరింగుకూ బ్రేకుకూ దన్ను పోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. చనిపోయినవారిలో యువకులున్నారు, బెల్టు పెట్టుకోనివారున్నారు. అందువల్ల నెపం వారి మీద వేయడం తేలికైంది. విస్కాన్సిన్‌లో 2006లో జరిగిన ప్రమాదాన్ని పరిశీలించిన రాష్ట్ర పోలీసు, తాళం స్థానానికీ ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడానికీ ఉన్న సంబంధాన్ని 2007లోనే నివేదికలో రాశాడు. కంపెనీ గానీ భద్రతా సంస్థ గానీ దాన్ని పట్టించుకోలేదు. పైగా 2006లో కంపెనీ స్విచ్‌ను సరిచేసినా విడిభాగం నంబరు మార్చలేదు. కొత్తదీ పాతదీ వేరని కాగితాల మీద తెలిసే దారి పోయింది. జార్జియాలో ఒక మృతురాలి కుటుంబం వేసిన దావాలో, వారి తరఫు ఇంజనీరు రెండు స్విచ్‌లను పక్కపక్కన పెట్టి పోల్చాకే గుట్టు బయటపడింది. 2014లో అమెరికాలోనే 20 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిపించారు. పరిహార నిధి 124 మరణాలను గుర్తించింది. 2015లో కంపెనీ క్రిమినల్ కేసు పరిష్కారానికి 90 కోట్ల డాలర్లు చెల్లించింది.

2015లోనే ప్రభుత్వ భద్రతా సంస్థ మరో నివేదిక ఇచ్చింది. 94 శాతం ప్రమాదాల్లో ‘కీలక కారణం’ డ్రైవర్‌దని, వాహనానిది సుమారు 2 శాతమేనని అందులో ఉంది. ఆ కీలక కారణాన్ని తప్పు ఎవరిదో తేల్చినట్టుగా తీసుకోరాదని నివేదికే హెచ్చరించింది. కానీ చదివినవారు అంకెనే పట్టుకున్నారు. దానికి ఆధారమైన సర్వే 2005–07 నాటిది, అంటే కోబాల్ట్‌లు ఆ స్విచ్‌తోనే తిరుగుతున్న కాలం. వాహనాలను స్థూలంగా, ఎక్కువగా పైనుంచే తనిఖీ చేశారు. అందుకే దొరికిన లోపాల్లో టైర్లు, బ్రేకులే ముందున్నాయి. స్టీరింగ్ కడ్డీ లోపల దాగిన స్ప్రింగు బలం అలాంటి చూపుకు అందదు. 2022లో అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు అధ్యక్షురాలు జెన్నిఫర్ హోమెండీ ఆ 94 శాతం అంకెను వాడటం మానాలని బహిరంగంగా కోరారు.