నలభై ఒకటో రోజు, అశోక్‌నగర్

జేబీఎస్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కావు. ఇప్పుడు చిక్కడపల్లి స్టేషన్ మెట్లు దిగుతున్నావు. సాయంత్రం ఐదున్నర. సిగరెట్టు మానేసి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. మొదటి పది రోజులు కౌన్సిలర్ దగ్గరికి తప్ప రూమ్ దాటితే ఒట్టు. మిగతా నెలంతా ఊళ్లోనే. అక్కడ పొలం గట్టున ఎంతసేపు కూర్చున్నా సిగరెట్టు ఊసే రాలేదు. పీడ వదిలిందనుకున్నావు.

ఆఖరి మెట్టు దిగేసరికి డీజిల్ పొగలో కలిసి మరుగుతున్న చాయ్ వాసన ముక్కుకి తగిలింది. నోట్లో నీళ్లూరాయి. కుడిచేతి రెండు వేళ్లు వాటంతటవే దగ్గరకు జరిగాయి.

"ఎంతుంది మామా?" స్టేషన్ కింద ఎదురుచూస్తున్న రూమ్మేట్ అడిగాడు.

"ఐదు."

వాడు ఫోన్‌లో రాసుకున్నాడు. సున్నా అంటే యావ లేనట్టు, పది అంటే ఇక ఆగలేనట్టు.

ఒంట్లో నికోటిన్ ఎప్పుడో పోయింది. మానేసిన కొత్తలో ఉండే చిరాకు, నిద్రపట్టకపోవడం కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. ఇప్పుడు లేస్తున్నది ఒళ్లు అడిగేది కాదు, ఈ రోడ్డు అడిగేది. పావ్లోవ్ కుక్కలకు తిండి వస్తుందన్న సైగ అందితే చాలు, నోరూరేది. నీకు ఆ సైగ గాజు గ్లాసుల గలగల.

సిటీ సెంట్రల్ లైబ్రరీ దాటి అశోక్‌నగర్ సందుల్లోకి తిరిగారు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, జిరాక్స్ షాపులు, గుట్టలుగా గ్రూప్స్ మెటీరియల్. ఇక్కడ నాలుగేళ్లు చదివావు. ప్రతి రెండు చాప్టర్ల మధ్యా ఒక చాయ్, ఒక దమ్ము. ఏ మలుపులో ఏం వెలిగించావో నీకంటే నీ వేళ్లకే బాగా గుర్తు.

"ఏడికి పోయినవ్ తమ్మీ ఇన్ని దినాలు?" చాయ్ బండి అన్న నవ్వుతూ గ్లాసు పెట్టాడు. అడగకుండానే పక్కన లూజు సిగరెట్టు కూడా పెట్టాడు.

తీసుకున్నావు. ఇవాళ్టి పనే అది. దీన్ని క్యూ ఎక్స్‌పోజర్ అంటారు. యావ పుట్టించే వస్తువుకు కావాలని ఎదురెళ్లి, తాగకుండా నిలబడడం. ఊరెళ్లకముందు కౌన్సిలర్ గదిలో మూడుసార్లు చేశావు. నాలుగు నుంచి ఒకటికి దిగింది. ఆమె మాత్రం సంబరపడలేదు. "ఈ గదిలో తగ్గింది ఈ గదికే. తిరిగొచ్చాక రోడ్డు మీద చెయ్యి. ఒక్కడివే మాత్రం వద్దు" అంది.

సిగరెట్టు వేళ్ల మధ్య తిప్పావు. కాగితం మెత్తగా, పొగాకు తరుగు గోటికి గరుగ్గా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండిన ఆకుల తీపి వాసన. గొంతులో ఏదో పట్టేసినట్టయింది.

"ఎనిమిది." కాసేపటికి, "తొమ్మిది." చాయ్ మీద మీగడ కట్టింది. పక్కన ఎవరో అగ్గిపుల్ల గీశారు. "తొమ్మిదే." ఇక్కడే చాలామంది ఓడిపోతారు. యావ నెత్తికెక్కినప్పుడు వెలిగిస్తే, ఇంకాస్త గోల చేస్తే దొరుకుతుందని మెదడు నేర్చుకుంటుంది. నువ్వు ఆగావు. ఏడు. ఐదు. చాయ్ చల్లారేసరికి మూడు.

సిగరెట్టు నలిపి చెత్తడబ్బాలో పడేశావు. భుజాలు తేలికయ్యాయి. "ఐపోయింది మామా," అన్నావు. వాడు మాట్లాడలేదు.

వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలై అమెరికా తిరిగొచ్చిన సైనికుల్ని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు గమనించారు. వందలో ఐదుగురే పది నెలల్లోపు మళ్లీ బానిసలయ్యారు. అలవాటైన చోటు సముద్రాల అవతల ఉండిపోవడం అందుకొక కారణమంటారు. నీ ఊరు నీకు చేసిన మేలూ అదే. ఆ సైనికులు మళ్లీ అక్కడికి పోనక్కర్లేదు. నువ్వు మాత్రం అశోక్‌నగర్‌లోనే చదవాలి.

మెట్రో స్తంభాల కిందుగా నడిచి నారాయణగూడ చేరారు. వైఎంసీఏ దగ్గర్లో ఒక పాన్ డబ్బా. దారానికి వేలాడుతున్న లైటర్ గాలికి ఊగుతోంది. పోయినసారి గ్రూప్స్ ఫలితాల్లో నీ నంబరు లేదని తెలిసిన రాత్రి ఇక్కడే వరసగా నాలుగు కాల్చావు.

కడుపులో ఏదో కదిలింది. "ఏడు."

"అక్కడ మూడుకొచ్చింది కదరా!"

అక్కడే వచ్చింది. మార్క్ బూటన్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చూపించింది ఇదే. పాత పాఠం చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం పడుతుంది. చోటు మారితే పాతదే ముందుకొస్తుంది. 2002లో కాంక్లిన్, టిఫానీ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూస్తే, క్యూ ఎక్స్‌పోజర్ చికిత్స పనిచేస్తుందనడానికి నికరమైన ఆధారం దొరకలేదు. గదిలో నేర్పింది వీధిలో నిలవకపోవడం అందుకొక కారణమని వాళ్లు చెప్పారు. తాగుడు మానేవాళ్లయితే డాక్టరు లేకుండా ఇలాంటివి తలపెట్టనే కూడదు.

ఈసారి లూజు కాదు, పెట్టె అడిగావు. పెట్టె మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ, హెచ్చరిక. కింద నంబరు: 1800-11-2356. మానాలనుకునేవాళ్లు ఫోన్ చేయమని. నాలుగేళ్లుగా లూజే కొన్నావు, దారానికి వేలాడే లైటర్‌తోనే వెలిగించుకున్నావు. ఈ నంబరు ఎప్పుడూ కంటపడలేదు.

పెట్టె తెరిచి ఒకటి బయటికి తీశావు. లైటర్ మూరెడు దూరంలో ఊగుతోంది.

"ఎంతుంది?"

"ఎనిమిది."

రూమ్మేట్ ఫోన్‌లో కొత్త గీత గీసి, పైన "నారాయణగూడ" అని రాశాడు.