పొలోనియస్ చేసిన తప్పు

ఏడేళ్ల క్రితం ఒక రాత్రి, ఆఫీసు నుంచి బయల్దేరేముందు హడావుడిగా ఒక బగ్ రిపోర్ట్ రాశాను. పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేసినప్పుడల్లా సర్వర్ క్రాష్ అవుతోందని దాని సారాంశం. టైటిల్‌లో మాత్రం ‘ద సర్వర్ ఈజ్ క్రాషింగ్’ అని ఊరుకున్నాను. అవతలి దేశంలో ఉన్న టీమ్ అది చదివి, సర్వర్ ఆ నిమిషాన కూలిపోతోందనుకుని, సెలవులో ఉన్న ఇద్దర్ని పిలిపించింది. మర్నాడు కాల్‌లో ఒకాయన, సింపుల్ ప్రెజెంట్ అనేది కూడా ఒకటుందని నాకు గుర్తుచేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఆదివారం ఉత్తరాది స్నేహితులు మా ఇంటికొచ్చారు. వాళ్లతో మాట్లాడుతూ నాన్న ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సన్స్’ అన్నాడు. అలా అనకూడదు నాన్నా, అని అందరి ముందూ ఠక్కున దిద్దేశాను. వాళ్లు వెళ్లేదాకా ఆయన ఇంగ్లీషులో మళ్లీ నోరు విప్పలేదు.

నా మీద పడ్డ నవ్వుని తీసుకెళ్లి ఆయన మీద పడేశానని తర్వాత అర్థమైంది. అసలీ రూలు ఎక్కడిదో చూద్దామని వెతకడం మొదలుపెట్టాను. స్కూల్లో మాకు చెప్పింది ఇంతే: ఇప్పుడు జరుగుతుంటే -ఇంగ్, రోజూ జరిగేదైతే సింపుల్ ప్రెజెంట్. ‘నో’, ‘హ్యావ్’ లాంటి వాటి జోలికి -ఇంగ్ పోకూడదు. అనాదిగా ఉన్న శాసనంలా చెప్పారు.

అనాది కాదు. ‘బి’ క్రియ పక్కన -ఎండె అనే ప్రత్యయం చేర్చిన క్రియని పెట్టడం వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఉంది. ఇంకోపక్క, ‘వేటలో ఉన్నాడు’ అన్నట్టుగా ‘ఆన్ హంటింగ్’ అనే వాడుక ఉండేది. ఆ ‘ఆన్’ అరిగి ‘ఎ-హంటింగ్’ అయింది, చివరికి వట్టి ‘హంటింగ్’ మిగిలింది. వీటిలో దేని పాలు ఎంతో పండితులింకా వాదించుకుంటూనే ఉన్నారు. మనకి కావలసిన సంగతి ఏంటంటే, చాలాకాలం పాటు -ఇంగ్ రూపం కావాలంటే వాడొచ్చు, లేకపోతే లేదు.

దీనికి సాక్షి పొలోనియస్. 1600 ప్రాంతాల్లో రాసిన ‘హామ్లెట్’ రెండో అంకంలో, హామ్లెట్ పుస్తకం పట్టుకుని చదువుతూ వస్తాడు. ఏం చదువుతున్నారు ప్రభూ, అని పొలోనియస్ అడుగుతాడు. పుస్తకం కళ్లెదుటే ఉంది, చదవడం ఆ క్షణానే జరుగుతోంది. అయినా షేక్‌స్పియర్ అక్కడ వాడింది సింపుల్ ప్రెజెంట్. మా స్కూల్లో అయితే ఎర్రసిరా పడేది!

ఇంకో వింత చూడండి. ఇల్లు కడుతున్నారు అనడానికి పద్దెనిమిదో శతాబ్దంలో ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవాళ్లు, ఇల్లే కడుతున్నట్టు! మనకి సహజంగా అనిపించే ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ ఆ శతాబ్దం చివర్లో గానీ కనబడటం మొదలవలేదు. వచ్చాక కూడా పండితులు దాన్ని చీదరించుకున్నారు. రిచర్డ్ గ్రాంట్ వైట్ అనే అమెరికన్ విమర్శకుడు 1870లో తెచ్చిన పుస్తకంలో దీన్ని తిట్టడానికే ఒక అధ్యాయం కేటాయించాడు. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. అంటే మనవాళ్లు ఇంగ్లీషు డిగ్రీల కోసం కుస్తీ పట్టడం మొదలుపెట్టేనాటికి, ఇంగ్లీషువాళ్లకే ఈ లెక్క పూర్తిగా తేలలేదు.

ఇదంతా ‘మాతృభాష ప్రభావం’ అనేస్తే తేలిగ్గా పోతుంది. కానీ నాన్న వాక్యాన్ని తెలుగులో అనండి: ‘నాకు ఇద్దరు కొడుకులు’. అందులో క్రియే లేదు, -ఇంగ్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ‘తెలుసు’కి కూడా మనం ‘తున్నా’ తగిలించం. తెలుగు గీత గీసుకున్న చోటే వేరు. ‘చదువుతాను’ అంటే రోజూ చదువుతానని, రేపు చదువుతానని కూడా. ‘క్రాష్ అవుతోంది’ అంటే ఇప్పుడూ కావచ్చు, ఎప్పుడూ కావచ్చు. తమాషా ఏంటంటే ‘చదువుతున్నాడు’ ఒకప్పటి ‘చదువుచు ఉన్నాడు’. ఇంగ్లీషు లాగే మనమూ ‘ఉండు’ని పక్కన పెట్టుకునే ఈ రూపాన్ని కట్టుకున్నాం.

అయితే రూల్సన్నీ గాలికొదిలేద్దామా? లేదు. నా బగ్ రిపోర్ట్ వల్ల ఇద్దరి సెలవు పాడైంది, అది నా తప్పే. ఆ తేడా ఇవాళ్టి ఇంగ్లీషులో నిజంగా పనిచేస్తోంది. కానీ ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సన్స్’ అంటే ఎవరికి ఏం అర్థం కాలేదు? ఇంగ్లీషు కొన్ని వందల ఏళ్లుగా -ఇంగ్ వైపే నడుస్తూ వచ్చింది, నాన్న ఇంకో అడుగు వేశాడు. 2003లో మెక్‌డొనాల్డ్స్ ‘లవ్’కి -ఇంగ్ తగిలించి నినాదం చేసుకుంటే దేశదేశాల్లో హోర్డింగులు పెట్టారు. దాన్ని స్టైల్ అన్నాం. నాన్న అంటే తప్పన్నాం.

ఇప్పుడు జూనియర్ల బగ్ రిపోర్టులు నేను చూస్తాను. ‘ఈజ్ క్రాషింగ్’ కనిపిస్తే, ఇప్పుడా, ప్రతిసారా అని విడిగా మెసేజ్ పెట్టి అడుగుతాను. కాల్‌లో ఎత్తను. నాన్నకి మాత్రం పొలోనియస్ కథ ఇంకా చెప్పలేదు. మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరో పలకరిస్తే, నా వైపు ఒకసారి చూసి, ‘ఐ హ్యావ్ టూ సన్స్’ అన్నాడు.