బాధితులే ప్రేక్షకులైనప్పుడు: కత్రినా డాక్యుమెంటరీలకు న్యూ ఓర్లియన్స్ స్పందన

ఉపోద్ఘాతం

2005 ఆగస్టు 29 ఉదయం హరికేన్ కత్రినా అమెరికాలోని లూసియానా తీరాన్ని బ్యూరస్ దగ్గర తాకింది. ఉప్పెన నీటికి కాలువల వెంట కట్టిన రక్షణ గోడలూ కరకట్టలూ తెగిపోయి, న్యూ ఓర్లియన్స్ నగరంలో దాదాపు 80 శాతం మునిగింది. ఏడాది నిండకముందే, 2006 ఆగస్టు 16న, స్పైక్ లీ తీసిన ‘వెన్ ద లెవీస్ బ్రోక్’ డాక్యుమెంటరీని అదే నగరంలో, న్యూ ఓర్లియన్స్ అరీనాలో, వేలమంది నగరవాసుల ముందు తొలిసారి ప్రదర్శించారు. సినిమా నిడివి నాలుగు గంటల పైమాటే. అరీనాకు ఆనుకునే సూపర్‌డోమ్ స్టేడియం ఉంది. వరద రోజుల్లో తిండీ నీళ్లూ చాలక, కరెంటు లేక, వేలాదిమంది తలదాచుకున్నది అక్కడే. ఆనాటి ప్రేక్షకులు తెరమీద చూసిన చోటు వాళ్లు కూర్చున్న చోటికి కూతవేటు దూరంలో ఉంది. ఇంకా ఇల్లు బాగుపడక ప్రభుత్వమిచ్చిన ట్రైలర్లలో కాపురముంటున్న కుటుంబాలు అప్పటికి నగరం నిండా ఉన్నాయి.

ఇలాంటి ప్రేక్షకుల స్పందనను ఏ కొలతతో కొలవాలి? ఎంతమంది ఏడ్చారు, ఎక్కడ చప్పట్లు కొట్టారు, ఎన్ని అవార్డులు వచ్చాయి అనే లెక్కలు ఇక్కడ చాలవు. విపత్తును అనుభవించినవాళ్లు ఆ విపత్తు మీద తీసిన సినిమా చూసేటప్పుడు సాక్షుల స్థానంలో ఉంటారనీ, వాళ్ల స్పందనను వాంగ్మూలంగా చదవాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

పరిధి, పద్ధతి

పరిశీలనకు మూడు చిత్రాలను తీసుకున్నాను. మొదటిది ‘వెన్ ద లెవీస్ బ్రోక్’ (2006). దర్శకుడు బయటివాడు, గొంతులు నగరానివి. రెండోది టియా లెసిన్, కార్ల్ డీల్ దర్శకత్వంలో వచ్చిన ‘ట్రబుల్ ద వాటర్’ (2008). దర్శకులు బయటివాళ్లే అయినా సినిమాకు ప్రాణమైన వరద దృశ్యాలను తీసింది వరదలో చిక్కుకున్న కింబర్లీ రివర్స్ రాబర్ట్స్. మూడోది ఎడ్వర్డ్ బకల్స్ జూనియర్ తీసిన ‘కత్రినా బేబీస్’ (2022). దర్శకుడు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు. వరుసగా చూస్తే ఈ మూడింటిలో స్థానికత మెట్టు మెట్టుగా పెరుగుతుంది. సినిమాల నిర్మాణం, ప్రదర్శన సందర్భాలు, వాటి చుట్టూ ఉన్న చారిత్రక, న్యాయ నేపథ్యం ఈ విశ్లేషణకు ఆధారాలు. ఒక సినిమాకు స్పందనగా మరో సినిమా పుట్టవచ్చన్న దృష్టితో తర్వాతి చిత్రాలను ముందువాటికి జవాబులుగా కూడా చదివాను.

సాధారణీకరణానికి లొంగని చూపు

మన అలంకారశాస్త్రంలో ప్రేక్షకుడి స్థానాన్ని లోతుగా చర్చించింది రససిద్ధాంతం. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణాన్ని అభినవగుప్తుడు విస్తరించాడు. రంగస్థలం మీది దుఃఖం ఫలానా వ్యక్తిది, ఫలానా కాలానిది అన్న హద్దులు కరిగిపోయినప్పుడే సహృదయుడికి కరుణరసం అందుతుంది. రసప్రతీతికి అడ్డుపడే ఏడు విఘ్నాలను ఆయన వ్యాఖ్య అభినవభారతి చెబుతుంది. చూస్తున్న దుఃఖం నాదనో పరులదనో దేశకాలాలకు కట్టుబడిపోవడం వాటిలో ఒకటి. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం, అంటే నిజసుఖాది వివశీభావం, మరొకటి.

తన వీధి మునిగిపోవడాన్ని తెరమీద చూసే మనిషికి ఈ రెండు విఘ్నాలూ ఒక్కసారే ఎదురవుతాయి. ఆ లెక్కన అతడు రసాస్వాదనకు అనర్హుడు. అయినా అరీనాకు వేలమంది వచ్చి నాలుగు గంటల పైచిలుకు సినిమాకు కూర్చున్నారు. రసం కోసమే వచ్చారనుకుంటే దీన్ని అర్థం చేసుకోలేం. హద్దులు కరగడం వాళ్లకు అక్కర్లేదు. ఇది మా వీధి, ఇది మా ఇల్లు, నీళ్లు ఇంతవరకే వచ్చాయి అన్న హద్దులు చెరిగిపోకుండా నిలబడడమే వాళ్లకు కావాలి. శాస్త్రం విఘ్నమన్నదే ఇక్కడ చూపుకు పదును పెడుతుంది. ఈ చూపును ‘విశేష దృష్టి’ అని పిలుస్తున్నాను. దూరంగా ఉన్న ప్రేక్షకులు కరుణరసంతో ఇంటికి వెళతారు. స్థానిక ప్రేక్షకులు సవరణలతో, చేర్పులతో, ప్రశ్నలతో వెళతారు.

తలుపు మీది గుర్తు

విశేష దృష్టి ఎలా పనిచేస్తుందో చూడడానికి కత్రినా చిత్రాలలో పదేపదే కనిపించే దృశ్యం ఒకటి చాలు. వరద తర్వాతి రోజుల్లో ఇళ్ల ముందు గోడల మీద, తలుపుల మీద రంగు స్ప్రేతో పెద్ద ఇంటూ గుర్తులు వేశారు. వాటిని వేసింది గాలింపు బృందాలు. గుర్తు పై గడిలో బృందం ఆ ఇంట్లోంచి బయటికొచ్చిన తేదీ, సమయం ఉంటాయి. ఎడమ గడిలో బృందం పేరు, కుడి గడిలో లోపలున్న ప్రమాదాల వివరం రాస్తారు. కింది గడిలో దొరికిన మనుషుల లెక్క ఉంటుంది, బతికున్నవాళ్లు ఎందరు, చనిపోయినవాళ్లు ఎందరు అని.

బయటి ప్రేక్షకుడికి అది విధ్వంసపు చిహ్నం. స్థానికుడు దాన్ని చదువుతాడు. అతడి కన్ను ముందు కింది గడి మీదికి, వెంటనే పై గడి మీదికి పోతుంది. తేదీ సెప్టెంబరు 11 అని ఉంటే ఆ గడప దగ్గరికి మనిషి వచ్చేసరికి పదమూడు రోజులు గడిచాయని లెక్క కడతాడు. కింది గడిలో సున్నా ఉంటే ఊపిరి పీల్చుకుంటాడు. కెమెరా రెండు మూడు క్షణాలే ఆగిన చోట అతడు ఒక కుటుంబం కథ మొత్తం చదివేస్తాడు. గోడల మీద మట్టి గీతలాగా మిగిలిపోయిన నీటి మట్టమూ అంతే. తన ఛాతీ ఎత్తుకో తలమీదికో ఆ గీత వచ్చిందని ఒంటితో కొలుచుకునేవాడే దాన్ని సరిగా చూడగలడు.

ఈ సరిచూసుకోవడాన్ని బాధితుల చాదస్తంగా కొట్టిపారేయలేం. కత్రినా మృతుల సంఖ్యగా ఏళ్ల తరబడి 1,833 అన్న అంకె చెలామణిలో ఉంది. అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం 2023లో దాన్ని 1,392కు సవరించింది. ప్రభుత్వ లెక్కే పద్దెనిమిదేళ్ల తర్వాత మారినప్పుడు, ప్రజలు తెరమీది ప్రతి తేదీని, ప్రతి గడపను తమ జ్ఞాపకంతో పోల్చి చూసుకోవడం న్యాయమే.

‘వెన్ ద లెవీస్ బ్రోక్’కు సంగీతం సమకూర్చిన టెరెన్స్ బ్లాంచర్డ్ న్యూ ఓర్లియన్స్ బిడ్డ. వరద తర్వాత ఆయన తల్లి తన ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టి కుప్పకూలినట్లు విలపించే ఘట్టం సినిమాలో ఉంది. పక్కన కొడుకు ఉన్నాడు. తల్లిని పట్టుకున్న ఆ మనిషే సినిమా సంగీతాన్నీ రాశాడు. ఇల్లు పోయినవాడు, చూసేవాడు, సృష్టించేవాడు ఒకే మనిషిలో కలిసిన ఈ ఘట్టం స్థానిక చిత్రాలు ఎటు వెళ్లబోతున్నాయో ముందే చెప్పింది.

పేలుడు శబ్దం: ఒకే దృశ్యానికి రెండు పఠనాలు

లీ చిత్రంలో అన్నిటికంటే ఎక్కువ వాదం రేపిన భాగం కరకట్టల పేలుడు గురించినది. కట్ట తెగే ముందు పెద్ద చప్పుడు విన్నామనీ, ఎవరో కావాలనే పేల్చారనీ నగరంలోని లోయర్ నైన్త్ వార్డు అనే పేట వాసులు కొందరు కెమెరా ముందు చెబుతారు. ఆధారం లేని వదంతికి చోటిచ్చారని విమర్శకులు కొందరు అభ్యంతరపెట్టారు. బాంబులు పెట్టారనడానికి ఇంజనీర్లకు ఆధారమేమీ దొరకలేదు. కాంక్రీటు గోడ ఒక్కసారిగా విరిగి పడితే అంతటి చప్పుడు రావడం సహజమే.

అయితే ఆ మాటల వెనక చరిత్ర ఉంది. 1927 మిసిసిపీ మహా వరదలో న్యూ ఓర్లియన్స్‌ను కాపాడడానికి నగర పెద్దల ఒత్తిడితో, ప్రభుత్వ అనుమతితో, దిగువనున్న కేర్నార్వన్ దగ్గర ఏప్రిల్ 29 నుంచి కరకట్టను డైనమైట్‌తో నిజంగానే పేల్చారు. సెయింట్ బెర్నార్డ్, ప్లాక్‌మిన్స్ ప్రాంతాల్లో వేలమంది పేదలు నిరాశ్రయులయ్యారు. ఇస్తామన్న పరిహారం చాలామందికి సరిగా అందలేదు. 1965లో హరికేన్ బెట్సీకి లోయర్ నైన్త్ వార్డు మునిగినప్పుడు అదే అనుమానం మళ్లీ లేచింది. 2005లో చప్పుడు విన్న వృద్ధుల మనసులో ఈ మూడు వరదలూ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి.

ప్రేక్షకులు ఒక పాఠాన్ని మూడు విధాలుగా, అంగీకరిస్తూనో బేరమాడుతూనో ప్రతిఘటిస్తూనో చదువుతారని 1973లో స్టూవర్ట్ హాల్ సూత్రీకరించాడు. ఇక్కడ ఆ చట్రం కొంత ఇరుకవుతుంది. స్థానిక ప్రేక్షకుల ప్రతిఘటన సినిమా మీద కాదు, ప్రభుత్వ కథనం మీద. సినిమా, ప్రేక్షకుడు ఒకే పక్షాన నిలబడి మూడో పక్షాన్ని నిలదీస్తున్నారు.

ఆ నిలదీతకు సాంకేతిక బలం కూడా ఉంది. 17వ వీధి కాలువ, లండన్ ఎవెన్యూ కాలువ గోడలు నీళ్లు వాటి అంచు దాటకముందే కూలిపోయాయి. రూపకల్పనలో లోపాలున్నాయని 2006 జూన్‌లో ఆర్మీ ఇంజనీర్ల సంస్థ సొంత అధ్యయనమే తేల్చింది. సంస్థ అధిపతి కార్ల్ స్ట్రాక్ బాధ్యతను బహిరంగంగా ఒప్పుకున్నారు. కానీ బాధితులు కోర్టుకు వెళితే, 2008 జనవరిలో న్యాయమూర్తి స్టాన్‌వుడ్ డువాల్ ఆ సంస్థ తీరును తప్పుపడుతూనే కాలువ గోడల దావాను కొట్టేయాల్సి వచ్చింది. వరద నియంత్రణ పనుల వల్ల కలిగే నష్టానికి ప్రభుత్వం మీద దావా చెల్లదని చెప్పే 1928 చట్టం అడ్డుపడింది. ఆ చట్టం 1927 వరద ఫలితమే. ఒకే వరద పేదలకు అనుమానాన్ని, ప్రభుత్వానికి రక్షణ కవచాన్ని ఇచ్చింది.

ఈ నేపథ్యంలో చూస్తే డాక్యుమెంటరీ ప్రదర్శనకు కొత్త అర్థం వస్తుంది. కోర్టు గుమ్మం మూసుకున్న చోట వాంగ్మూలం వినిపించే బహిరంగ వేదికల్లో తెర ఒకటయింది. కత్రినాను ‘ప్రకృతి వైపరీత్యం’ అని పిలిస్తే న్యూ ఓర్లియన్స్ వాసులకు కోపం ఎందుకొస్తుందో కూడా ఇక్కడే బోధపడుతుంది. గాలివానను దేవుడు పంపాడేమో కానీ, కూలిన గోడను మనుషులు కట్టారు.

అటక మీది కెమెరా

కత్రినా రోజుల్లో టీవీ చూపిన నగరం హెలికాప్టర్ నుంచి కనిపించిన నగరం. నీళ్లు, కప్పులు, వాటిమీద చేతులూపే మనుషులు. ఆ మనుషులకు పేర్లు లేవు. ‘ట్రబుల్ ద వాటర్’ ఆ కోణాన్ని తలకిందులు చేసింది. ఊరు విడిచి వెళ్లే స్తోమత లేని కింబర్లీ, తుఫానుకు కొద్దిగా ముందు వీధిలో ఇరవై డాలర్లకు కొన్న చిన్న వీడియో కెమెరాతో తన పేట అంతా తిరిగి ఇరుగుపొరుగును పలకరించింది. తర్వాత అటకెక్కి, పెరుగుతున్న నీటిని చిత్రీకరించింది. ఒక పొరుగువాడు బాక్సింగ్ సాధనకు వాడే బరువైన సంచిని తెప్పలాగా పట్టుకుని ఈదుతూ ఇంటింటికీ వెళ్లి మనుషులను దాటిస్తాడు. ఇదే చిత్రంలో అత్యవసర సహాయ నంబరుకు వచ్చిన ఫోన్ల రికార్డింగులు వినిపిస్తాయి. అటకల మీద చిక్కుకున్నవాళ్లు ప్రాధేయపడుతుంటే, ప్రస్తుతానికి సహాయ బృందాలేవీ రాలేవని అవతలి గొంతు చెబుతుంది.

ఈ దృశ్యాల్లో కెమెరా వెనకనుంచి వినిపించే గొంతు తన పేటవాళ్లతో, పేట యాసలో మాట్లాడుతుంది. మిగతా ప్రపంచం ఆ సంభాషణను పక్కనుంచి వింటుంది. బయటి ప్రేక్షకుడు కేంద్రంలో లేని డాక్యుమెంటరీ ఎలా ఉంటుందో ఈ పదిహేను నిమిషాల దృశ్యాలు చూపాయి. 2008లో సండాన్స్ ఉత్సవంలో ఈ చిత్రం డాక్యుమెంటరీ విభాగపు గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలిచి, తర్వాత ఆస్కార్ నామినేషన్ అందుకుంది. నా దృష్టిలో దాని అసలు విలువ వేరే చోట ఉంది. టీవీ తమను చూపిన తీరుకు మునిగిన పేట ఇచ్చిన జవాబు అది. ‘లూటీ’ చేస్తున్నారన్న వార్తల కింద కనబడకుండా పోయిన పొరుగువాడి సాహసం ఆ దృశ్యాల వల్లే నమోదైంది.

ఎవరూ అడగని పిల్లలు

ఎడ్వర్డ్ బకల్స్‌కు కత్రినా వచ్చినప్పుడు పదమూడేళ్లు. పెద్దయ్యాక నగరంలోని హైస్కూల్లో పిల్లలకు సినిమా పాఠాలు చెబుతూ, తన తరాన్ని ప్రశ్నించడం మొదలుపెట్టాడు. ఆ తరానికి ఏం జరిగిందని ఇంట్లో, బళ్లో, ప్రభుత్వంలో ఎవరూ అడగలేదన్నదే ‘కత్రినా బేబీస్’ మూలసూత్రం. మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది అప్పటి పిల్లలు, ఇప్పటి యువతీయువకులు. చాలామంది మొదటిసారి నోరు విప్పుతున్నట్లు మాటలు వెతుక్కుంటారు, ఆగుతారు, నవ్వబోయి ఏడుస్తారు.

అంతకుముందు వచ్చిన కత్రినా చిత్రాలన్నిటికీ ఈ తరం ప్రేక్షకులే. వాటిలో పిల్లలు తల్లుల చంకల్లో, పడవల్లో, బస్సు కిటికీల దగ్గర కనిపిస్తారు. వాళ్లను ప్రశ్న అడిగిన సందర్భాలు అరుదు. ఆ లోటును గుర్తుపట్టిన ప్రేక్షకుడు ఆ లోటునే సినిమాగా తీశాడు. స్పందనకు ఇంతకంటే సంపూర్ణమైన రూపం ఉండదు. వరద మీద వరద పేరుకున్నట్లే సినిమా మీద సినిమా పేరుకుంటోంది. 2025లో, ఇరవై ఏళ్ల సందర్భంగా, మరిన్ని ధారావాహిక డాక్యుమెంటరీలు వచ్చాయి. ప్రతి కొత్త చిత్రం ముందుదానిలో మిగిలిపోయిన గొంతు దగ్గర మొదలవుతోంది.

స్థానికులంటే ఎవరు?

2000 జనగణనలో న్యూ ఓర్లియన్స్ జనాభా 4,84,674. 2010లో 3,43,829. తిరిగి రాలేకపోయినవాళ్లలో నల్లజాతి పేదలు ఎక్కువ. హ్యూస్టన్‌లో, అట్లాంటాలో స్థిరపడిన ఆ కుటుంబాలు టీవీలో ఈ చిత్రాలు చూసినప్పుడు స్థానిక ప్రేక్షకులా, ప్రవాసులా? చిరునామాను బట్టి స్థానికతను లెక్కిస్తే, విపత్తు ఎక్కువగా నష్టపరిచినవాళ్లే లెక్కలోంచి జారిపోతారు. అందుకే విపత్తు చిత్రాల మీద ప్రేక్షక పరిశోధన చేసేవారు ఊరి హద్దును కాక అనుభవపు హద్దును ప్రమాణంగా తీసుకోవాలి.

ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, స్థానిక ప్రేక్షకులు విపత్తు చిత్రాన్ని సరిచూసుకుంటూ చూస్తారు. వాళ్ల సవరణలు చరిత్ర రచనకు ముడిసరుకు. రెండోది, వాళ్ల అనుమానాలను వదంతులని పక్కన పెట్టేముందు వాటి వెనకనున్న పాత గాయాలను వెతకాలి. మూడోది, స్పందన హాలు గుమ్మం దగ్గర ముగియదు. అది ఏళ్ల తర్వాత మరో కెమెరా పట్టుకుని రావచ్చు. అందువల్ల ప్రదర్శన తర్వాత జరిగే చర్చలను రికార్డు చేసి, సినిమాతోపాటు భద్రపరచడం గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు చేపట్టవలసిన పని.

ఈ పాఠం మన తీరానికీ వర్తిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా చనిపోయారు. ఆనాడు చెట్లు పట్టుకుని బతికిన పిల్లలు ఇప్పుడు అరవై ఏళ్లకు అటూ ఇటుగా ఉన్నారు. ఉప్పెన గురించిన పాత వార్తాచిత్రాలను, ఫొటోలను వాళ్ల ఊళ్లకే తీసుకెళ్లి, వాళ్ల మధ్య ప్రదర్శించి, వాళ్లు ఏ ఫొటో దగ్గర ఆపమంటారో, ఏ పేరు చెబుతారో, ఏ లెక్కను కాదంటారో నమోదు చేసే పనికి తెలుగు పరిశోధకులు వెంటనే పూనుకోవాలి. ఆ తరం ఉండగానే అడగాలి, వాళ్ల జవాబును సాక్ష్యంగా స్వీకరించాలి.