పెద్దరోగం, చిన్న కొట్టం, పని (మన శ్రమ చరిత్ర – 9)

పోయిన భాగం కింద ఒక విద్యార్థి అడిగాడు: "అన్నా, జబ్బు తగ్గినాక మనిషిని మళ్లీ పనిలో నిలబెట్టింది ఎవరు? డాక్టరా, చట్టమా?" ఈ భాగం ఆ ప్రశ్నకే.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1898 కుష్ఠు చట్టం ప్రకారం, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చిన చోట రోగి తిండి వస్తువులు అమ్మకూడదు. ఊరి బావిలో నీళ్లు తోడకూడదు. రైలు తప్ప బాడుగ బండి ఎక్కకూడదు, తోలకూడదు. ఇవి కాక ప్రభుత్వం వద్దన్న ఏ వృత్తీ చేయకూడదు. ఈ జాబితా చదివితే మన వాడలకు కొత్తగా ఏమీ అనిపించదు. బావి, బండి, బువ్వ, ఈ మూడింటి దగ్గరే గదా మనల్నీ ఆపింది! దీన్ని పూర్తిగా రద్దు చేయడానికి 2016 దాకా పట్టింది. మా చిత్తూరు వైపు ఆ జబ్బును "పెద్దరోగం" అంటారు. అది సోకిన మాలమాదిగలకు వెలి రెండింతలు. ఊరు ఎప్పుడో వెలేసింది, ఇప్పుడు వాడా వెలేసింది.

మాకు పక్కనే వేలూరు. 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. ముడుచుకుపోయిన వేళ్లకు స్నాయువులు మార్చి కట్టి తెరిపించడం మొదలుపెట్టాడు. చేతులు బాగయ్యాయి, కానీ కొందరు రోగులు తిరిగొచ్చి మొర పెట్టుకున్నారు. వంకర వేళ్లు చూసి జనం ఇంతకుముందు చిల్లర వేసేవారు, ఇప్పుడు అదీ లేదు. పని ఇచ్చేవాడూ లేడు. చేయి వచ్చింది, కూడు పోయింది.

అందుకే 1950 ప్రాంతంలో కాలేజీ ఆవరణలోనే మట్టిగోడల కొట్టాలు వేసి న్యూ లైఫ్ సెంటర్ అని పెట్టారు. అక్కడ వడ్రంగం నేర్పారు, చెక్కబొమ్మలు చేయించారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ వడ్రంగం కాదు, సాయంత్రం పూట జరిగిన పని. రోజూ అందరూ చేతులు చాపాలి. ఎక్కడ బొబ్బ ఉంది, ఎక్కడ గీత పడింది, అది ఎలా వచ్చింది? ఈ జబ్బుకు వేళ్లు వాటంతటవి కుళ్లి రాలవు. స్పర్శ పోతుంది, నొప్పి తెలియదు, తెలియక మనిషి తన చేయిని తానే అరగదీసుకుంటాడు. సుత్తి పిడి గరుకుగా ఉన్నా పట్టు సడలించడు. తుప్పు పట్టిన తాళం తిప్పితే వేలు తెగినా తెలియదు. తన ఒంటి మీద తనకు కనపడని గాయాన్ని పక్కవాడు చూసి చెప్పాలి. అలా ఒక్కొక్క గాయానికీ కారణం వెతికి, పనిముట్ల పిడులు మార్చారు.

కొందరికి రాత్రి పడుకుని లేచేసరికి వేలికొసలు ఉండేవి కావు. ఎవరికీ అర్థం కాలేదు. చివరికి రోగులే వంతులేసుకుని రాత్రంతా కాపలా కాశారు. ఎలుకలు వచ్చి కొరుకుతున్నాయి, పడుకున్నవాడు కదలడం లేదు! ఆ తర్వాత ఇంటికి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఒక పిల్లిని ఇచ్చి పంపారు.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఇదంతా డాక్టరు కనిపెట్టినట్టు ఉంటుంది. ఆయన గొప్పతనం నేను కాదనను. కానీ రాత్రి మేలుకున్న కళ్లు రోగులవి. అందులో సగం పేరు వాళ్లకు చెందాలి.

ఇక మన బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడు. ఆయన హయాంలోనే 1943లో అదార్కర్‌ను నియమించి కార్మికుల ఆరోగ్య బీమా పథకం రాయించారు. అదే 1948లో ఈఎస్ఐ చట్టమైంది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో అమల్లోకి వచ్చింది. జబ్బు భత్యం తీసుకుంటున్న రోజుల్లో కార్మికుణ్ణి పనిలోంచి తీసేయకూడదని ఆ చట్టం 73వ సెక్షన్ చెప్పేది. మంచిదే. కానీ భత్యం ఆగి, ఫిట్ సర్టిఫికెట్ చేతికి వచ్చిన మర్నాడు పొద్దున మస్టర్ దగ్గర ఏం జరుగుతుందో ఆ సెక్షన్‌కు తెలియదు.

మా చిన్నమ్మకు తెలుసు. ఆమె ఒక పట్టణంలో వీధులు ఊడ్చేది. చెత్తలో పగిలిన సీసా కుడి అరచేతిని కోసింది, రెండు నెలలు ఇంట్లో ఉంది. తిరిగి వెళ్తే మేస్త్రి బరువు తట్టలుండే సందే ఇచ్చాడు. ఏజెన్సీవాడు వేరే పని లేదన్నాడు. సర్వీసులో వైకల్యం వస్తే తీసేయకూడదు, జీతం తగ్గించకుండా వేరే పని చూపాలి అని 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకు చెబుతోంది. ఏజెన్సీ మనిషి దగ్గరికి వచ్చేసరికి ఒకరు ఇంకొకరి మీదికి తోసేస్తారు.

ఆమెను నిలబెట్టింది అంతకుముందు భుజం విరిగి తిరిగొచ్చిన ఒక అక్క. "చీపురు కర్ర పొడుగు చేసుకో మే, ఎడమ చేత్తో తొయ్యి, గుడ్డ చుట్టు, పొద్దునపూట తట్ట నేను ఎత్తుతా" అంది. మూడు వారాలు అలాగే ఎత్తింది. వేలూరు కొట్టంలో పక్కవాడి చేయి చూసినవాళ్లకూ ఈమెకూ తేడా నాకు కనిపించలేదు. ఆమె చేసినది ఏ సంఘం మినిట్స్ పుస్తకంలోనూ లేదు. మన సంఘాలు జీతం అడిగాయి, నష్టపరిహారం అడిగాయి. తిరిగొచ్చిన మనిషికి మొదటి నెల తోడు వేయాలని నాకు తెలిసి ఏ డిమాండ్ల పత్రంలోనూ రాయలేదు. ఆ తోడుకు ఆ రోజు కూలి ఎవరు కట్టాలో కూడా అడగలేదు.

విద్యార్థి మిత్రులారా, మీ ఇళ్లలో ఇలాంటి అక్కలు ఉంటారు. పేర్లు లేకుండా, ఏం చేశారో రాసి పంపండి. వచ్చే భాగంలో బొగ్గుబాయి గురించి.