న్యాయయుద్ధ సిద్ధాంతం (క్రైస్తవం)

న్యాయయుద్ధ సిద్ధాంతం అనునది బలప్రయోగం ఎప్పుడు, ఎవరు, ఎంతవరకు చేయవచ్చునో విచారించే క్రైస్తవ నీతిశాస్త్ర సంప్రదాయం. శత్రువును ప్రేమించవలెనని బోధించే మతం తన అనుయాయులను సైనికులుగా, న్యాయాధిపతులుగా పనిచేయడానికి ఎట్లు అనుమతించగలదు అన్న ప్రశ్న నుండి ఇది పుట్టింది. క్రీ.శ. 4, 5 శతాబ్దాలలో అంబ్రోస్, అగస్టీన్ దీనికి పునాది వేయగా, 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఒక క్రమంలో పెట్టాడు. రోమన్ కాథలిక్, ఆంగ్లికన్, లూథరన్ సంప్రదాయాలలో దీనికి స్థానం ఉంది. మెన్నోనైట్లు, క్వేకర్లు మొదలైన వారు దీనిని అంగీకరించరు. యుద్ధాన్ని సమర్థించే సిద్ధాంతమని దీనికి పేరు వచ్చినప్పటికీ, దీని ప్రధాన రచయితలు ఎక్కువగా శ్రమపడినది యుద్ధానికి హద్దులు గీయడానికే.

పేరు

తెలుగులో దీనిని "ధర్మయుద్ధం" అని కూడా అనువదించవచ్చు గాని అందులో కొంత చిక్కు ఉంది. మహాభారతం చదివిన వారికి ధర్మయుద్ధమనగానే నిరాయుధుని కొట్టరాదు, పారిపోయేవానిని తరుమరాదు వంటి పోరాట నియమాలు గుర్తుకు వస్తాయి. క్రైస్తవ సిద్ధాంతం మొదట అడిగేది అసలు యుద్ధానికి దిగవచ్చునా అని. పోరాడే పద్ధతిని గురించిన నియమాలు విస్తృతంగా చేరినది తరువాతి కాలంలో.

క్రూసేడులతో కూడా దీనిని కలపరాదు. 1095లో క్లెర్మాంట్ సభలో పోపు రెండవ అర్బన్ ఇచ్చిన పిలుపుతో మొదలైన క్రూసేడులలో, యుద్ధయాత్ర చేయడమే పాపాలకు ప్రాయశ్చిత్తంగా పరిగణింపబడింది. న్యాయయుద్ధ సంప్రదాయంలో యుద్ధం పుణ్యకార్యం కాదు. ఎంత న్యాయమైనదైనా అది విచారించదగినదే.

బైబిలులో ఆధారాలు

ఈ విషయంలో బైబిలు ఒకే మాట చెప్పదు. కొండమీది ప్రసంగంలో యేసు చెంపదెబ్బకు బదులు రెండవ చెంప చూపమని బోధించాడు (మత్తయి 5:39). తనను బంధించడానికి వచ్చినవారిపై కత్తి దూసిన శిష్యుని వారించాడు (మత్తయి 26:52). మరొకవైపు, బాప్తిస్మమిచ్చు యోహాను తన వద్దకు వచ్చిన సైనికులను కొలువు మానమనలేదు, జనాన్ని పీడించవద్దని మాత్రం చెప్పాడు (లూకా 3:14). అధికారి ఖడ్గం ధరించేది వ్యర్థంగా కాదని పౌలు రోమీయులకు వ్రాశాడు (రోమా 13:4). ఇందులో గమనించదగిన సంగతి ఏమనగా, ఆ వాక్యానికి కొద్దిగా ముందే, అనగా 12వ అధ్యాయం చివరలో, పగ తీర్చుకోవద్దని అదే పౌలు విశ్వాసులకు చెప్పాడు. వ్యక్తికి నిషిద్ధమైనది అధికారికి ఎట్లు విధి అవుతుంది? తరువాతి పండితుల వాదాలన్నీ ఏదో ఒక విధంగా ఈ రెండు అధ్యాయాల నడుమ తిరుగుతాయి.

తొలి శతాబ్దాలు

యేసు పేతురు చేతి కత్తిని దింపించినప్పుడే ప్రతి సైనికుని నడుము నుండి ఖడ్గం తీసివేసినట్లయిందని ఉత్తర ఆఫ్రికా రచయిత టెర్టూలియన్ వాదించాడు. క్రైస్తవులు చక్రవర్తికి ఆయుధాలతో గాక ప్రార్థనతో సాయపడతారని 3వ శతాబ్దంలో ఒరిజెన్ వ్రాశాడు. 295లో నుమీడియాలోని తెవెస్తె పట్టణంలో మాక్సిమిలియన్ అనే 21 ఏళ్ళ యువకుడు సైన్యంలో చేరడానికి నిరాకరించి మరణశిక్ష పొందాడు. అయితే అదే కాలంలో రోమను సైన్యంలో క్రైస్తవులు కూడా ఉండేవారు. కనుక తొలి క్రైస్తవులందరూ యుద్ధ వ్యతిరేకులేనని చెప్పడం సరికాదు.

కాన్‌స్టాంటైన్ క్రైస్తవానికి మద్దతు ఇచ్చిన తరువాత పరిస్థితి మారింది. హింసను అనుభవించినవారు పాలనలో భాగస్వాములయ్యారు. 390లో థెస్సలొనీకలో చక్రవర్తి థియొడోసియస్ సైనికులు వేలాది ప్రజలను వధించగా, ప్రాయశ్చిత్తం చేసుకునేవరకు ఆయనకు ప్రభు సంస్కారం ఇవ్వనని మిలాను బిషప్ అంబ్రోస్ పట్టుబట్టాడు. క్రైస్తవ రాజు ఖడ్గానికి కూడా లెక్క చెప్పవలసి ఉంటుందన్నది అక్కడ తేలింది.

అగస్టీన్

హిప్పో బిషప్ అగస్టీన్ (354 – 430) ఈ విషయంపై ప్రత్యేక గ్రంథమేదీ వ్రాయలేదు. ఆయన అభిప్రాయాలు ఉత్తరాలలోను, వాదగ్రంథాలలోను చెదరి ఉన్నాయి. యుద్ధంలో అసలు చెడు మరణం కాదని, ఎట్లాగూ మనుషులు ఎప్పుడో ఒకప్పుడు మరణించేవారేనని, హింసించాలన్న కోరిక, పగ, అధికార దాహం మొదలైనవే అసలు చెడు అని ఆయన ఫౌస్టస్‌కు వ్యతిరేకంగా వ్రాసిన గ్రంథంలో పేర్కొన్నాడు. "దైవనగరం" 19వ భాగంలో, వివేకి న్యాయమైన యుద్ధం చేయవలసి వచ్చినా, ఆ అవసరం కలిగినందుకు దుఃఖిస్తాడని, దుఃఖం కూడా కలగనివాడు మరింత దౌర్భాగ్యుడని వివరించాడు.

ఆధునిక పాఠకులకు వింతగా తోచే సంగతి ఒకటి ఉంది. సైనికుడు చంపడాన్ని అనుమతించిన అగస్టీన్, సామాన్యుడు తన ప్రాణం కాపాడుకోవడానికి చంపడాన్ని ఒప్పుకోలేదు. 398 ప్రాంతంలో పబ్లికోలాకు వ్రాసిన లేఖలో ఈ విషయం స్పష్టంగా ఉంది. తన కొరకు చంపేవాడు ఎలాగూ పోయే ప్రాణంపై మమకారంతో చంపుతున్నాడని, ఇతరుల కొరకు అధికారం క్రింద పనిచేసేవానికి ఆ దోషం లేదని ఆయన తర్కం. ఈనాడు చాలామంది ఆత్మరక్షణ నుండి మొదలుపెట్టి యుద్ధాన్ని సమర్థిస్తారు. అగస్టీన్ దారి దీనికి సరిగ్గా తలక్రిందులు.

ఆయన ఆచరణలో మచ్చ లేకపోలేదు. డొనాటిస్టులనే క్రైస్తవ వర్గం వారిని రాజదండనతో సంఘంలోకి తీసుకురావడాన్ని ఆయన మొదట వ్యతిరేకించి తరువాత సమర్థించాడు. విందుకు రానివారిని బలవంతంగానైనా తీసుకురమ్మన్న లూకా సువార్తలోని ఉపమానాన్ని ఇందుకు ఆధారం చేసుకున్నాడు. మతవిషయాలలో నిర్బంధాన్ని కోరినవారు తరువాతి శతాబ్దాలలో ఆయన పేరునే చెప్పుకున్నారు. అయితే ఒక గురువును చంపి మరొకరిని అంగవిహీనుని చేసిన డొనాటిస్టులు పట్టుబడినప్పుడు, వారికి మరణశిక్షగాని అంగచ్ఛేదంగాని విధించవద్దని అధికారి మార్సెల్లినస్‌ను వేడుకున్నది కూడా ఈయనే.

మధ్యయుగాలు

1066లో ఇంగ్లండులో జరిగిన హేస్టింగ్స్ యుద్ధం తరువాత నార్మన్ బిషప్పులు విధించిన ప్రాయశ్చిత్త నియమావళి లభ్యమవుతున్నది. పోపు ప్రతినిధి ఎర్మెన్‌ఫ్రిడ్ దీనిని ధృవీకరించాడు. దీని ప్రకారం యుద్ధంలో తాను చంపినట్లు తెలిసిన ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క సంవత్సరం చొప్పున ప్రాయశ్చిత్తం చేయాలి. గాయపరచి, చనిపోయినదీ లేనిదీ తెలియకపోతే ఒక్కొక్కరికి 40 రోజులు. ఎంతమందిని చంపాడో లెక్క తెలియనివాడు జీవితాంతం వారానికి ఒక రోజు. బాణాలు వేసి ఎవరు కూలారో చూడని విలుకాండ్రకు మూడు తపస్సుకాలాలు. ఇవన్నీ గెలిచిన పక్షానికి, తమ రాజు తరఫున పోరాడినవారికి విధించినవి. యుద్ధం చట్టబద్ధమైనంత మాత్రాన చేతులు శుభ్రంగా ఉండవన్న భావన ఇంత నిక్కచ్చిగా కనిపించే పత్రాలు అరుదు.

1139లో రెండవ లాటెరన్ మహాసభ క్రైస్తవులపై అడ్డవిల్లు ప్రయోగాన్ని నిషేధించింది. సైన్యాలు దీనిని పెద్దగా పాటించలేదు.

థామస్ అక్వినాస్

అక్వినాస్ (1225 – 1274) తన "సుమ్మా థియొలాజికా"లో యుద్ధం న్యాయమైనది కావడానికి మూడు షరతులు చెప్పాడు: దానిని ప్రకటించే అధికారం గల పాలకుడు ఉండాలి, ఎదుటిపక్షం చేసిన తప్పు కారణమై ఉండాలి, మేలు చేయాలన్న లేదా కీడును నివారించాలన్న ఉద్దేశం ఉండాలి. మొదటి రెండూ ఉన్నా, మూడవది లేకపోతే యుద్ధం అధర్మమే.

ఆత్మరక్షణ విషయంలో ఈయన అగస్టీన్‌ను గౌరవిస్తూనే వేరు దారి పట్టాడు. ఒక పనికి రెండు ఫలితాలు ఉండవచ్చు. దాడి చేసేవానిని అడ్డుకున్నప్పుడు తన ప్రాణం దక్కడం ఉద్దేశించిన ఫలితం, అతడు మరణించడం ఉద్దేశించని ఫలితం. అవసరానికి మించిన బలం వాడితే మాత్రం అది దోషమే. దీని నుండే తరువాత "ద్విఫల సూత్రం" రూపొందింది. యుద్ధంలో పౌరుల మరణాలను గురించిన నేటి చర్చలు కూడా దీనిపై ఆధారపడతాయి. ఉద్దేశం అనే మాటను సాగదీస్తే దీనితో దేనినైనా సమర్థించవచ్చునన్న విమర్శ కూడా ఉంది.

తీర్పు ఎవరిది?

షరతులు ఎన్ని ఉన్నా, అవి నెరవేరాయో లేదో నిర్ణయించేది ఎవరు? 1539లో సలమాంకా విశ్వవిద్యాలయ ఉపన్యాసాలలో ఫ్రాన్సిస్కో డి విటోరియా, మతభేదం గాని రాజ్యవిస్తరణ గాని రాజు కీర్తి గాని యుద్ధానికి న్యాయమైన కారణాలు కావని చెప్పాడు. అమెరికా ఖండపు ప్రజలపై స్పెయిను దండయాత్రలు సాగుతున్న రోజులవి. యుద్ధం అన్యాయమని నమ్మిన సైనికుడు రాజాజ్ఞ అయినా పోరాడరాదని, అయితే సామాన్యులు కారణాలను పరిశోధించనక్కరలేదని కూడా ఆయన అన్నాడు. మార్టిన్ లూథర్ 1526లో ఇంచుమించు ఇదే చెప్పాడు: రాజు తప్పు నిశ్చయంగా తెలిస్తే దేవునికే లోబడాలి, సందేహమైతే రాజుకు.

ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యేగర్‌స్టాటర్ (1907 – 1943) ఈ సూత్రాన్ని అక్షరాలా పాటించాడు. హిట్లర్ యుద్ధం అన్యాయమని నిశ్చయించుకున్న ఇతడు లింజ్ బిషప్‌ను సలహా అడిగాడు. కుటుంబ బాధ్యతను గుర్తుంచుకొమ్మని, యుద్ధం న్యాయమా కాదా అని తేల్చడం అతని పని కాదని సమాధానం వచ్చింది. అయినప్పటికీ ఆయుధం పట్టడానికి నిరాకరించాడు. వైద్యసేవ చేస్తానన్నా అధికారులు అంగీకరించలేదు. 1943 ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్‌లో శిరచ్ఛేదం చేశారు. భార్య, ముగ్గురు కుమార్తెలు మిగిలారు. 2007 అక్టోబరు 26న అదే లింజ్ నగరంలో చర్చి ఇతనిని ధన్యునిగా ప్రకటించింది.

నగరాలపై బాంబులు

రెండవ ప్రపంచ యుద్ధంలో హిట్లర్‌ను ఎదిరించడం న్యాయమేనని నమ్మినవారు కూడా, అందుకు వాడిన పద్ధతులను ప్రశ్నించారు. 1944 ఫిబ్రవరి 9న బ్రిటిష్ ప్రభువుల సభలో చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్, జర్మన్ నగరాలపై సామూహిక బాంబుదాడులను ఖండించాడు. ఆయన నాజీ వ్యతిరేకి. జర్మన్ పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్‌కు మిత్రుడు. 1956లో అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇవ్వబోగా, తత్త్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కోమ్ అభ్యంతరం చెప్పింది. హిరోషిమా, నాగసాకిలలో నిర్దోషులను చంపడం ఉద్దేశపూర్వకమేనని, కనుక అది హత్యేనని ఆమె వాదన. పట్టా ఇవ్వడం మాత్రం ఆగలేదు. 1965లో రెండవ వాటికన్ మహాసభ, నగరాలను నివాసులతో సహా విచక్షణారహితంగా నాశనం చేయడం దేవునికి, మానవునికి వ్యతిరేకమైన నేరమని ప్రకటించింది.

శాంతి సంఘాలు

1527 నాటి ష్లైట్‌హైమ్ ప్రకటనలో అనబాప్తిస్టులు, ఖడ్గం దైవనియమమే గాని క్రీస్తు పరిపూర్ణతకు వెలుపలిదని పేర్కొన్నారు. పాలకునికి అది తగును, క్రీస్తు అనుచరునికి తగదు అని భావం. వీరి వారసులైన మెన్నోనైట్లలో ఒక శాఖ, మెన్నోనైట్ బ్రెదరెన్, మహబూబ్‌నగర్ పరిసరాలలో పనిచేయడం వలన తెలంగాణలో ఈ సంప్రదాయానికి చెందిన సంఘాలు ఏర్పడ్డాయి.

చంపడమంతా ఒకే విధంగా తప్పన్న బోధ వలన నిర్దోషిని చంపడానికి, దాడిచేసేవానిని చంపడానికి మధ్య భేదం జనం మనసులో చెరిగిపోతుందని, యుద్ధం తప్పదనుకున్నప్పుడు ఇక హద్దులే ఉండవని ఆన్‌స్కోమ్ వీరిని విమర్శించింది.

ఇటీవలి పరిణామాలు

1992 నాటి కాథలిక్ సత్యోపదేశ గ్రంథం (2309వ పేరా) షరతులను మరింత బిగించింది: హాని శాశ్వతమైనదిగా, ఘోరమైనదిగా, నిశ్చయమైనదిగా ఉండాలి, ఇతర మార్గాలు విఫలం కావాలి, గెలుపు అవకాశం ఉండాలి, తొలగించదలచిన కీడు కంటే ఆయుధాల వలన కలిగే కీడు ఎక్కువ కారాదు. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు ఈ సంప్రదాయాన్నే ఆధారం చేసుకొని రెండు సమాధానాలు వచ్చాయి. అమెరికాలో సదరన్ బాప్తిస్టు నాయకుడు రిచర్డ్ లాండ్ తదితరులు ఆ యుద్ధం న్యాయమేనని 2002 అక్టోబరులో అధ్యక్షుడు బుష్‌కు లేఖ వ్రాశారు. పోపు రెండవ జాన్ పాల్ దానిని వ్యతిరేకించి, కార్డినల్ పియో లాగిని 2003 మార్చిలో బుష్ వద్దకు పంపాడు. ఆ నెలలోనే యుద్ధం మొదలైంది.

2020లో పోపు ఫ్రాన్సిస్ వెలువరించిన "ఫ్రతెల్లి తుత్తి" లేఖ ఆత్మరక్షణ హక్కును త్రోసిపుచ్చలేదు. అయితే అణు, రసాయన ఆయుధాల కాలంలో న్యాయయుద్ధానికి పూర్వులు చెప్పిన ప్రమాణాలను వర్తింపజేయడం చాలా కష్టమని పేర్కొన్నది. అగస్టీన్ రూపొందించిన న్యాయయుద్ధ భావనను ఈనాడు తాము సమర్థించడం లేదన్న మాట కూడా ఆ లేఖలో ఉంది, కాని అది ఒక అధస్సూచికలో ఉంది.