నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే సరిపోదు.. ఎండ, శుక్లాల నుంచి కళ్లను కాపాడుకోండిలా

ఎండలు ముదిరితే కోఠి, చార్మినార్ ఫుట్‌పాత్‌ల మీద నల్ల కళ్లద్దాలకు గిరాకీ పెరుగుతుంది. అద్దం ఎంత నల్లగా ఉంటే కంటికి అంత మంచిదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. నష్టం చేసేవి కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కిరణాలు. నల్లటి అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. ఆ అద్దానికి యూవీని ఆపే గుణం లేకపోతే కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. అందుకే కొనేటప్పుడు రంగు కాదు, ‘యూవీ 400’ అని ఉందా లేదా చూడాలి. స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు. అనుమానం ఉంటే కళ్లద్దాల షాపులో మీటర్‌తో పరీక్ష చేయించుకోవచ్చు, నిమిషం పని.

కంటిలోని లెన్స్ మసకబారడమే శుక్లం. ఉర్దూలో మోతియాబింద్ అంటారు. ముఖ్య కారణం వయసే. ఏళ్ల తరబడి పడే ఎండ దానికి తోడవుతుంది. అమెరికాలోని చెసాపీక్ బేలో పనిచేసే 838 మంది జాలర్లపై జరిగిన అధ్యయనం 1988లో వెలువడింది. కంటికి తగిలే యూవీ-బి రెట్టింపైతే, ఒక రకం శుక్లం వచ్చే ముప్పు 1.6 రెట్లు అవుతుందని అందులో తేలింది. మన దగ్గర తోపుడుబండి వ్యాపారులు, మేస్త్రీలు, రైతు కూలీలదీ అదే పరిస్థితి. ఖరీదైన అద్దాలు కొనలేని వాళ్లకు అంచు వెడల్పుగా ఉన్న టోపీ కూడా మేలే. కంటి మీద పడే యూవీని అది దాదాపు సగం తగ్గిస్తుంది.

షుగర్, సిగరెట్ కూడా శుక్లాన్ని తొందరపెడతాయి. ఇంకో ప్రమాదం మెడికల్ షాపులోనే ఉంది. కళ్లు ఎర్రబడ్డాయని డాక్టర్‌ని అడగకుండా స్టెరాయిడ్ చుక్కలు కొనుక్కుని నెలల తరబడి వేసుకుంటారు. వాటివల్ల శుక్లమే కాదు, పోయిన చూపు తిరిగి రాని నీటికాసులూ రావచ్చు.

శుక్లాన్ని కరిగించే చుక్కలు, సుర్మాలు ఏవీ లేవు. ఆపరేషన్ ఒక్కటే దారి. ‘బాగా ముదిరాక చేయిద్దాం’ అనేది పాతకాలం మాట. ముదిరితే లెన్స్ గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. రాత్రి హెడ్‌లైట్లు చెదిరినట్టు కనిపించినా, అద్దాల నంబర్ మాటిమాటికీ మారుతున్నా వెంటనే చూపించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు షుగర్, బీపీ రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి. షుగర్ అదుపులో లేకపోతే ఆపరేషన్ వాయిదా పడొచ్చు.