హెలికాప్టర్‌తో భూగర్భ సర్వే.. సీమలో బోరు పాయింట్ చెప్పగలదా?

కర్నూలు, కడప జిల్లాల మెట్ట రైతుకు బోరు వేయడమంటే జూదమే. కొబ్బరికాయతోనో, వేప పుల్లతోనో చూపించిన పాయింట్‌లో వందల అడుగులు దించినా దుమ్మే లేస్తే.. చివరికి మిగిలేది అప్పు. మరి తవ్వకుండానే నేల కింద ఏముందో పైనుంచి తెలుసుకోవచ్చా? ఎయిర్‌బోర్న్ ఎలక్ట్రోమాగ్నెటిక్ సర్వే చేసే పని అదే.

ఎలా చేస్తారు?
హెలికాప్టర్ కింద పెద్ద తీగ చుట్టను వేలాడదీసి, నేలకు సుమారు 30 మీటర్ల ఎత్తులో తిప్పుతారు. చుట్టలోకి కరెంటు పంపి, ఒక్కసారిగా ఆపేస్తారు. దాంతో భూమిలో చిన్నపాటి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. అవి ఎంత త్వరగా తగ్గిపోతున్నాయో రిసీవర్ కొలుస్తుంది. ముందు అందే సిగ్నల్ పై పొరలది, ఆలస్యంగా అందేది లోతు పొరలది.

నీళ్లు కనిపిస్తాయా?
నేరుగా కనిపించవు. ఏ పొర కరెంటును ఎంత అడ్డుకుంటోందన్నదే తెలుస్తుంది. పొడి గ్రానైట్ బాగా అడ్డుకుంటుంది. తడి ఉన్న, చివికిన రాయి తక్కువగా అడ్డుకుంటుంది. చిక్కంతా ఇక్కడే.. బంకమట్టి, ఉప్పునీరు కూడా కరెంటును తేలిగ్గా పోనిస్తాయి. అందుకే మ్యాప్‌లో మంచినీరులా అనిపించింది బంకమట్టి కూడా కావచ్చు. పైగా కరెంటు లైన్ల దగ్గర సిగ్నల్ చెడిపోతుంది.

సీమలో ఎక్కడెలా?
కర్నూలు పడమటి వైపు గ్రానైట్ నేలల్లో నీళ్లుండేది చివికిన పొరలో, రాతి పగుళ్లలో. చివికిన పొర మందం సర్వేలో తెలుస్తుంది గానీ లోతులోని సన్నని పగులు దొరకడం కష్టం. బెలుం గుహలున్న సున్నపురాయి ప్రాంతంలో నీటి దారులు వేరు. కడప వైపు షేల్ పొరల్లో బంకమట్టితో పొరబడే ప్రమాదం ఎక్కువ.

ఇప్పటిదాకా ఏం జరిగింది?
కడప బేసిన్‌కు విమాన సర్వే కొత్త కాదు. 1967లో మొదలైన ‘ఆపరేషన్ హార్డ్ రాక్’లోనే ఖనిజాల కోసం ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి సర్వే చేశారు. నీటి కోసం హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ, కేంద్ర భూగర్భ జల మండలి కలిసి ఆరు చోట్ల ప్రయోగాత్మకంగా చేశాయి. వాటిలో సీమకు పొరుగున, గ్రానైట్ నేలలున్న కర్ణాటకలోని తుమకూరు ఒకటి. 2021 అక్టోబరులో రాజస్థాన్, గుజరాత్, పంజాబ్, హర్యానాల కోసం పెద్ద కార్యక్రమం మొదలైంది.

రైతుకు లాభమేంటి?
ఏ ఊరి కింద నీటిని పట్టే పొర ఉంది, ఎంత మందం, చెక్‌డ్యామ్ ఎక్కడ కడితే నీరు ఇంకుతుంది.. ఇవి తెలుస్తాయి. కచ్చితమైన పాయింట్‌కు మాత్రం నేలపై సర్వే, పరీక్ష బోరు తప్పవు. వాన నీరు ఇంకకపోతే ఎంత మంచి మ్యాప్ ఉన్నా బోరు ఎండక మానదు.